పదో తారీఖు ఊరు



నా వెనక ఫ్లెక్సీ మీద సారు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. నేను మాత్రం చివరిదాకా "సారు" అనే అంటాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం ఎవరమూ ఆయన్ను పేరు పెట్టి పలికి ఎరగం. ఇప్పుడాయన వినడం లేదు గదా అని ఈ వయసులో కొత్త అలవాటు చేసుకోలేను. రేపు ఈ మాటల్ని చిన్న పుస్తకంగా వేసేటప్పుడు కమిటీవారు అట్ట మీద ఆయన పేరు ఎలాగూ వేస్తారు. లోపల మాత్రం నన్ను ఇలాగే వదిలేయండి.

సారు సర్కారు బడిలో లెక్కలు చెప్పారు. అది ఆయన ఉద్యోగం. ఊరు గుర్తు పెట్టుకున్న పని వేరే ఉంది. పొద్దుగూకితే చాలు, ఆయన వాకిట్లో నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఒకరికి ప్రావిడెంట్ ఫండ్‌లో అడ్వాన్సు కావాలి. ఇంకొకరి తండ్రి గ్రాచ్యుటీ లెక్క తేలలేదు. మరొకరి భార్య పేరు నామినేషన్ ఫారంలో తప్పు పడింది. కరీంనగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం వైపు వాళ్లు, బీహారువాళ్లు, చాందా నుంచి వచ్చిన మరాఠీవాళ్లు, అందరికీ ఆయనే రాసిపెట్టారు. పైసా ముట్టలేదు. యూనియన్ ఎన్నికలప్పుడు మీ మద్దతు ఎవరికి సార్ అని అడిగితే, "సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాను గాని ఎవరికి పెట్టాలో చెప్పను" అనేవారు. ఈ ఉపన్యాసం కోసం సారు పేరిట ధర్మనిధి పెట్టింది కూడా ఆ ఫారాలు నింపించుకున్నవాళ్ల పిల్లలే. అందుకని సారును పొగిడి కూర్చోవడం కంటే ఆ ఫారాల వెనక ఉన్న ఊరి గురించి మాట్లాడితే ఆయనకు ఎక్కువ నచ్చుతుందనుకున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్క మాటే. ముందే చెప్పేస్తాను, రైలుకు టైమైందని మధ్యలో లేచేవాళ్లకు నష్టం లేకుండా. కాగజ్‌నగర్ దశ మారిందీ అంటే, ఇక్కడి మామూలు మనిషి ఎన్నాళ్ల ముందుకు లెక్క వేసుకోగలడో ఆ గడువు మారింది. గడువు పెరిగినన్నాళ్లు ఊరు పెరిగింది. అది కురచైనప్పుడు ఊరూ కురచైంది. ఇక్కడి కాగితం మిల్లు ఆ గడువును పెంచిన సాధనం. కానీ మిల్లు తిరిగి నడిచినంత మాత్రాన గడువు తిరిగి రాదు. మనం ఈ రెండింటినీ ఒకటనుకుని చాలా కాలం మోసపోయాం.

1

మిల్లుకు ముందు ఇక్కడ ఏముందో మా తరం వాళ్లం పెద్దగా అడగలేదు. కొత్తపేట అనే పల్లె ఉండేదని పెద్దలు చెప్పేవాళ్లు. నల్లరేగడి, జొన్న, పత్తి, చుట్టూ అడవి. పల్లెల్లో బతుకు లెక్క ఉగాది నుంచి ఉగాదికి. జీతగాడు దొర దగ్గర ఏడాదికి కుదిరేవాడు, ఏడాది చివర బాకీ తేలక మళ్లీ ఏడాదికి కుదిరేవాడు. పైకి చూస్తే అదీ పొడుగు గడువే. కానీ ఆ గడువు అతని చేతిలో లేదు, దొర చేతిలో ఉంది. వెట్టి ఉన్న రోజుల్లో రేపటి పొద్దు కూడా అతనిది కాదు.

1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలు పట్టాలు కలిశాయి. దాంతో మద్రాసు నుంచి ఢిల్లీకి మన పొలాల మీదుగా సూటి దారి పడింది. అదే ఏడాది హైదరాబాద్ రాజ్యంలో పరిశ్రమల కోసం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పడింది. బోధన్‌లో నిజాం షుగర్స్, ఆ వెంటనే 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్. ఇక్కడే ఎందుకు పెట్టారంటే కారణాలు లెక్కల సారు పిల్లలకు తేలిగ్గానే అందుతాయి. వెదురు అడవి పక్కనే ఉంది. నీళ్లకు పెద్దవాగు ఉంది. బాయిలర్లకు బెల్లంపల్లి బొగ్గు రైలు మీద గంటల్లో వస్తుంది. తయారైన కాగితం అదే రైలు ఎక్కుతుంది. 1942లో ఉత్పత్తి మొదలయ్యేనాటికి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, బయటి కాగితానికి కటకట. పుట్టీపుట్టగానే కొనేవాళ్లు సిద్ధంగా ఉన్న అదృష్టం మన మిల్లుది. 1950లకు అది బిర్లాల నిర్వహణలోకి వెళ్లింది, తరవాత పోద్దార్ల చేతికి వచ్చింది. యజమానుల చరిత్ర నా విషయం కాదు గనక ఇక్కడితో వదిలేస్తాను.

2

నా విషయం పదో తారీఖు.

1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఒక చిన్న నిబంధన ఉండేది. వెయ్యి మందికి లోపు పనిచేసే చోట ఏడో తారీఖు దాటకుండా, వెయ్యి దాటితే పదో తారీఖు దాటకుండా జీతం చేతికి ఇవ్వాలని. చట్టం చేసినవాళ్లు గుమస్తాల సౌకర్యం చూసి ఆ మూడు రోజులు ఎక్కువిచ్చి ఉంటారు. మన ఊరికి మాత్రం పంచాంగం ఆ తారీఖు చుట్టూ తిరిగింది. సైరన్ రోజును మూడు షిఫ్టులుగా కోస్తే, జీతం తారీఖు నెలను కోసింది. తొమ్మిదో తారీఖు బజార్లో ఈగలు తోలుకునేవాళ్లు. పదో తారీఖు సాయంత్రం గేటు బయట మిఠాయివాడు, బట్టలవాడు, చిట్టీలు వసూలు చేసేవాడు, పాత బాకీ కోసం వచ్చిన పఠాన్, అందరూ బారులు తీరేవాళ్లు. ఇంట్లో ఆడవాళ్లు కూడా కొందరు వచ్చి నిలబడేవాళ్లు. ఎందుకు వచ్చేవాళ్లో ఇక్కడున్న అమ్మలకు చెప్పనక్కరలేదు. గేటుకూ ఇంటికీ మధ్య కల్లు దుకాణం ఉండేది.

ఇక ఉద్దెర పుస్తకం. నేను జీవితమంతా కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి. పరపతి అంటే ఏమిటో పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివాను. మా వీధి కిరాణం సావుకారికి తెలిసినంత స్పష్టంగా ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. కొత్తగా వచ్చిన కుటుంబం సరుకులకు పోతే ఆయన అడిగే మొదటి ప్రశ్న "పర్మినెంటా, బదిలీయా?" బదిలీ కార్మికుడంటే ఎవరైనా రాని రోజు పని దొరికేవాడు. అతనికి ఉప్పు, చింతపండు, కిరసనాయిలు వరకే ఉద్దెర. పర్మినెంటైతే బియ్యం బస్తా కూడా నమ్మి ఇచ్చేవాడు. ఇంట్లో పెళ్లంటే సావుకారి ఇంకో ప్రశ్న అడిగేవాడు: "ఇంకా ఎన్నేండ్ల సర్వీసుంది?" అంతే. మనిషి మంచివాడా, తాగుబోతా అన్నది ఆ తరవాత. నెల జీతగాడికి నెల, సర్వీసు పొడుగున్నవాడికి ఏళ్లు. ఒక మనిషికి ఎన్నాళ్ల రేపు ఉందో కొలిచి, ఆ మేరకు ఇవాళ సరుకు తూచి ఇచ్చేవాడు.

ఆ రేపటికి చట్టాలు దన్నుగా నిలిచాయి. 1952లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం వచ్చినప్పుడు మొదట ఆరు పరిశ్రమలకే వర్తించింది. సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్ సరుకులు, ఇనుము ఉక్కు, బట్టలు, కాగితం. దేశంలో అత్యధిక శ్రామికులకు ఆనాడు ఆ హక్కు లేదు, మన మిల్లువాళ్లకు ఉంది. 1965లో బోనస్ చట్టం, 1972లో గ్రాచ్యుటీ చట్టం. ఈ మూడూ కలిసి నెల గడువును ఏడాదికి, ఏడాది గడువును ఉద్యోగం ఉన్నంత కాలానికి సాగదీశాయి. సారు వాకిట్లో నిండిన ఫారాలన్నీ ఈ మూడు చట్టాలవే.

గడువు పొడుగైతే మనుషులు ఎట్లా మారతారో నేను మా ఇంట్లోనే చూశాను. మా నాన్న ఫినిషింగ్ హౌస్‌లో కాగితం లెక్కపెట్టి రీములు కట్టేవాడు. చదువు నాలుగో తరగతి. "వీడు పదో తరగతికి వచ్చేసరికి నాకింకా ఎనిమిదేండ్లు ఉంటది, డిగ్రీ దాకా భయం లేదు" అని మా అమ్మతో అనేవాడు. ఆ మాటను ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆశ్చర్యం. మా తాత, వాళ్లన్న, పల్లెలో ఉండిపోయిన మా పెదనాన్న, వీళ్లెవరూ ఎనిమిదేళ్ల తరవాతి సంగతి అంత ధీమాగా నోట పలికినవాళ్లు కాదు. వాన మీద బతికేవాడు ఆ మాట అనడు. మా నాన్న జీతం మా పెదనాన్న మంచి ఏడాది పంట కంటే పెద్దదేం కాదు. తేడా అంతా గడువులో ఉంది. మంచి ఏడాది వచ్చినా మా పెదనాన్న తరవాతి ఏడాదికి భయపడి దాచుకునేవాడు. మా నాన్న దాచకుండా మా ఫీజు కట్టేసేవాడు.

ఊరి సొగసు కూడా అక్కణ్నుంచే వచ్చింది. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ ఒకే వాక్యంలో మాట్లాడే పిల్లలం మేం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ వైపు భూములిచ్చి నిలిపాక, చేపల బజారుకు కొత్త కళ వచ్చింది, దుర్గాపూజ మన పండగల్లో చేరింది. ఇంతమంది పరాయివాళ్లు పెద్ద గొడవల్లేకుండా కలిసి బతికారంటే మనమేదో ప్రత్యేకంగా మంచివాళ్లమని కాదు. అందరికీ ఒకే తారీఖున జీతం వచ్చేది, అందరూ ఒకే సావుకారికి బాకీ. ఎవరి మీదైనా కోపం వచ్చినా వచ్చే నెల మళ్లీ మొహం చూడాలి.

3

ఇక్కడ ఆపితే ఇది రిటైర్డ్ ఉద్యోగుల సంఘం సావనీర్ వ్యాసం అవుతుంది. సారు ఒప్పుకోరు. లెక్కలో ఎడమ వైపు రాశాక కుడి వైపు కూడా రాయాలి.

మా పదో తారీఖుకు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? టన్ను కాగితానికి రెండు టన్నులకు పైగా వెదురు పడుతుంది. ఆ వెదురు అడవిది. ఆ అడవిలో గోండులు, కోలాములు ఉన్నారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మిల్లు కంపెనీ 1938లో పుట్టింది. జోడేఘాట్‌లో కొమరం భీము నిజాం పోలీసుల తూటాలకు చనిపోయింది 1940లో. మిల్లు కాగితం తీసింది 1942లో. భీము కొట్లాడింది మిల్లు మీద కాదు. అడవిని రిజర్వు చేసి, పోడు కొట్టుకునేవాణ్ణి వెళ్లగొట్టి, పశువు మేస్తే పన్ను వేసే పద్ధతి మీద. కానీ అడవిని లెక్కగట్టి, గీతలు గీసి, కూపులుగా కోసి గుత్తేదారుకు అప్పగించే ఆ పద్ధతి లేకపోతే మిల్లు గేటు దగ్గరికి ఏటేటా అంత వెదురు వచ్చేది కాదు. జోడేఘాట్ తరవాత సర్కారు ఒక మానవశాస్త్రవేత్తను, హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి కారణాలు అడిగింది. ఆయన చెప్పినవాటిలో మొదటిది భూమి మీద భరోసా లేకపోవడమే. నా మాటల్లో చెప్పాలంటే వాళ్ల గడువు తెగిపోయింది.

వెదురుతో తడకలు అల్లే కోలాం, బుట్టలు, చాటలు అల్లే మేదరి, వీళ్లకు వెదురు బజారు ధరకు. మిల్లుకు సర్కారు ధరకు. ఆ తేడా ఎంతుండేదో మన మిల్లు లెక్కలు నా చేతిలో లేవు గాని, కర్ణాటకలో దండేలి మిల్లు సంగతి మాధవ్ గాడ్గిల్ రాశారు. 1958లో అక్కడి మిల్లుకు వెదురు టన్ను రూపాయిన్నరకు ఇచ్చారు. రూపాయిన్నర! అప్పట్లో సినిమా టికెట్టుతో పోల్చదగ్గ ధర. చౌకగా దొరికేదాన్ని ఎవరూ జాగ్రత్తగా కొయ్యరు. మొదలంటా నరికారు, లేత కొమ్మలను వదల్లేదు. వెదురు పూసి ఎండిపోయిన ఏళ్లలో మళ్లీ మొలిచే దాకా ఆగలేదు. 1980ల నాటికి దేశంలో చాలా మిల్లుల్లాగే మనదీ జామాయిల్, సుబాబుల్ కర్ర మీద పడింది. పెద్దవాగు సంగతి ఎక్కువ చెప్పను. దిగువ ఊళ్లవాళ్లు ఇక్కడే కూర్చున్నారు, నాకంటే వాళ్లకే బాగా తెలుసు. మిల్లు మురుగు నీళ్ల వాసనను మేం "మన మిల్లు వాసన" అని మురిపెంగా చెప్పుకున్నాం. దిగువ ఊళ్లో పశువులను నీళ్లకు తోలేవాడు అట్లా అనడు.

నా లెక్క ప్రకారం మా గడువు పెరిగినంత మేరా అడవిలో ఇంకెవరిదో కొంత తరిగింది. ఇది మిల్లు పెట్టడం తప్పని చెప్పడానికి కాదు. మిల్లు లేకపోతే నేనిక్కడ నిలబడి మాట్లాడేవాణ్ణి కాను. ఊరు పడిపోయినప్పుడు అడవి పల్లెల నుంచి మనకు పెద్దగా సానుభూతి ఎందుకు రాలేదో చెప్పడానికి.

4

మనకు ముందే హెచ్చరిక వచ్చింది. సర్‌సిల్క్.

పిల్లలకు అది ఇప్పుడు కాలనీ పేరు. ఒకప్పుడు కృత్రిమ పట్టు నూలు తీసిన పెద్ద ఫ్యాక్టరీ. దేశంలో ఏ కాలేజీలో కార్మిక చట్టం చదివినవాడికైనా ఆ పేరు తెలుసు, మన ఊరు ఎక్కడుందో తెలియకపోయినా. 1963లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు అది. యాజమాన్యానికీ కార్మికులకీ తగవు వచ్చింది. ట్రిబ్యునల్ తీర్పు రాసి సర్కారుకు పంపింది. సర్కారు దాన్ని అచ్చేసే లోపు ఇద్దరూ కూర్చుని రాజీపడ్డారు. ఇక తీర్పు ప్రకటించొద్దని ఇద్దరూ కలిసి సర్కారుకు రాశారు. అచ్చు వేయక తప్పదని చట్టం అంటోంది గదా అని సర్కారు. ఇద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం ఉండగా, తీర్పు ప్రకటించి మళ్లీ తగవు పెట్టాల్సిన పని లేదంది కోర్టు. అడవి అంచున ఉన్న మన ఊళ్లో కార్మికులు మేనేజర్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడుకోగలిగారు. ఇద్దరికీ చాలా ఏళ్లు కలిసి ఉంటామన్న నమ్మకం ఉన్నచోటే ఆ రాజీ కుదురుతుంది.

అటువంటి ఫ్యాక్టరీ 1980లలో మూతపడింది. అప్పుడు ఊరు కూలిపోలేదు. పక్కన పేపర్ మిల్లు నడుస్తోంది, సైరన్ మోగుతోంది, పదో తారీఖు వస్తోంది. సర్‌సిల్క్ వాళ్ల బాకీలు తేలడానికి ఏళ్లూ పూళ్లూ పట్టాయి. మేం పాపం అనుకున్నాం. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఒకే ఇంట్లో అన్న సర్‌సిల్క్‌లో, తమ్ముడు పేపర్ మిల్లులో ఉన్న కుటుంబాలు ఎన్నో. తమ్ముడి జీతంతో అన్న ఇల్లు గడిచింది. రెండో మిల్లు కూడా ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న ఊరంతా కలిసి అడగాల్సింది. ఎవరూ అడగలేదు.

5

2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో మిల్లు ఆగింది. అంతకు ముందు ఏప్రిల్‌లోనే మంగపేట దగ్గర కమలాపురం రేయాన్స్ గుజ్జు ఫ్యాక్టరీ ఆగింది. మరుసటి ఏడాది డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ. ఉద్యమంలో మన ఊళ్లోంచి ఎంతమంది రైలు పట్టాల మీద కూర్చున్నారో మీకు తెలుసు. రాష్ట్రం వచ్చిన ఆనందం ఒక పండగ కూడా గడవకుండానే జీతాల ఆందోళనగా మారింది.

మిల్లు ఆగిన కథ పేపర్లలో వచ్చింది. గడువు తెగిన కథ రాలేదు. అది ఒక్కరోజులో తెగలేదు. మొదట పదో తారీఖు ఇరవై అయింది. తరవాత సగం జీతం. తరవాత "రేపు, మాపు". సావుకారి అందరికంటే ముందే పసిగట్టాడు. బియ్యం బస్తా బదులు పది కిలోలు, పది కిలోల బదులు రెండు కిలోలు. చివరకు పర్మినెంటుకూ బదిలీకీ తేడా లేకుండా ఒకే బోర్డు: ఉద్దెర లేదు. నెల మొత్తానికి సరుకు తెచ్చుకున్న ఇల్లు ఏ పూటకు ఆ పూట పొట్లాలు కట్టించుకుంది. నూనె ప్యాకెట్ కొనలేక చారెడు నూనె కొన్న ఇల్లు నాకు తెలుసు. ఆ నూనెకు లీటరు లెక్కన వాళ్లు ఎక్కువే చెల్లించారు. కురచ గడువుతో బతకడం ఖరీదైన పని. పేదవాడు చిన్న పొట్లం కొన్నప్పుడల్లా ఆ ఖరీదు కడుతూనే ఉంటాడు.

చిట్టీలు ఆగిపోయాయి. పాడిన చిట్టీ కట్టలేక అక్కచెల్లెళ్లలాంటి ఇరుగుపొరుగు మాటలు మానుకున్నారు. కుదిరిన పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. యాభై దాటిన ఆపరేటర్లు, ఆ వయసులో ఎవరూ పనిలో పెట్టుకోని నైపుణ్యం చేతిలో పట్టుకుని, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లయ్యారు. పేపర్ మిషను మీద తడి కాగితం తెగకుండా వేగం సర్దగలిగిన చేతులు గేటు తీసి వేశాయి. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు, కుట్టు మిషన్లు, వంట పనులు. చదువు మధ్యలో ఆపిన పిల్లల గురించి చెప్పను. వాళ్లలో కొందరు ఇక్కడే ఉన్నారు, వాళ్లు చెబితేనే బాగుంటుంది.

ఈ మొత్తంలో ఊరు ఎందుకు పూర్తిగా ఖాళీ కాలేదు? పాత గడువుల పుణ్యం. పీఎఫ్ పింఛను తక్కువే అయినా నెల నెలా వచ్చింది. కాస్త ఇల్లు కట్టుకున్నవాళ్లున్నారు. అన్నిటికంటే ఎక్కువగా, ఆ మంచి రోజుల్లో చదివించిన పిల్లలు బయట ఉద్యోగాల్లో ఉన్నారు. మా నాన్న లాంటివాళ్లు ఎనిమిదేళ్ల ముందుకు వేసిన లెక్క మిల్లు మూతపడి ఉన్న నాలుగేళ్లూ ఊరికి అన్నం పెట్టింది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, గల్ఫ్ నుంచి వచ్చిన మనీ ఆర్డర్లను, ఇప్పుడైతే ఫోన్ బదిలీలను నేను అదే పద్దులో రాస్తాను.

6

దివాలా తీసిన మిల్లును మళ్లీ నడిపేందుకు జేకే పేపర్ వారు ఇచ్చిన ప్రణాళికకు 2018 జూలైలో కంపెనీ లా ట్రిబ్యునల్ ఒప్పుకుంది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలిచ్చింది. మిల్లు మళ్లీ నడిచింది. ఏడాదికి సుమారు 1.38 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న మిల్లు తుక్కు ఇనుముగా పోకుండా నిలబడడం చిన్న సంగతి కాదు. దేశంలో ఇలా మూతపడ్డ ఫ్యాక్టరీల్లో ఎన్ని తిరిగి తెరుచుకున్నాయో చూసినవాళ్లెవరూ దీన్ని తక్కువ చెయ్యరు. సైరన్ మళ్లీ మోగిన రోజు ఇక్కడ ఏడవనివాళ్లు లేరు, నాతో సహా.

తరవాత నేను బజారుకు వెళ్లి కూర్చున్నాను. మా పాత సావుకారి లేడు, ఆయన మనవడు ఉన్నాడు. "మిల్లు నడుస్తోంది గదా, ఉద్దెర ఇస్తున్నవా?" అంటే నవ్వాడు. "ఎవరికియ్యాలె బాపూ? కాంట్రాక్టరు మారితే మనిషి మారతడు." పాత కార్మికులందరూ తిరిగి లోపలికి పోలేదు. కొందరి వయసు దాటింది, కొందరు ఊరే దాటారు, కొందరు లేరు. కొత్తగా పోయేవాళ్లలో కాంట్రాక్టు మీద పోయేవాళ్లెందరో ఉన్నారు. ఇది మన మిల్లు ఒక్కదాని సంగతి కాదు. కేంద్రం చేసే వార్షిక పరిశ్రమల సర్వే చూడండి. ఈ శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టువాళ్లు ఐదో వంతు, ఇప్పుడు ఐదింట రెండు వంతులు. ఉత్పత్తి టన్నుల్లో చూస్తే మిల్లు కోలుకుంది. సావుకారి కొలతలో చూస్తే ఇంకా లేదు.

ఈ ఉపన్యాసం రాసుకుంటున్నప్పుడు హైదరాబాద్‌లో ఉన్న ఒక మిత్రుడికి ఫోన్‌లో ఇదంతా వినిపించాను. ఆయనా ఈ ఊరివాడే. "నెల జీతం, పర్మినెంటు, ఇవి దేశమంతా పోయాయి. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో మూడేళ్లకో కంపెనీ మారుతున్నాడు, హాయిగా ఉన్నాడు. మీ ఊరికే ఎందుకు ఈ ఏడుపు?" అన్నాడు. మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ పోతే ఇంకో కంపెనీ అదే బస్సు రూటులో ఉంటుంది. మనిషి ఒప్పందం ఏడాదే అయినా, నగరం అతనికి పదేళ్లు అప్పు ఇస్తుంది. బ్యాంకు ఇల్లు కొనడానికి లోన్ ఇచ్చేది ఆ ధైర్యంతోనే. ఒకే మిల్లు ఉన్న ఊళ్లో ఇంకో గేటు లేదు. ఇక్కడ ఒక మనిషి ఒప్పందం ఎంత గడువో, అతని కిరాణం, అతని పిల్లల బడి, అతని డాక్టరు, ఆ డాక్టరు కాంపౌండరు, అందరి గడువూ అంతే. అందుకే ఒకే రకమైన కాంట్రాక్టు కాగితం నగరంలో ఒక పని చేస్తుంది, మన ఊళ్లో వేరే పని చేస్తుంది. కమలాపురం, బోధన్, కాగజ్‌నగర్ ఒకే తీరున దెబ్బతిన్నది ఇందుకే.

కాబట్టి నేను అడిగేది ఇది. సర్కారు ఏ పరిశ్రమకైనా చిన్న ఊళ్లో కరెంటు, కర్ర, నీళ్లు, పన్నుల్లో రాయితీ ఇచ్చేటప్పుడు ఎంతమందికి ఉద్యోగాలు అని ఒక గడి ఉంటుంది. దాని పక్కన ఎన్నేళ్లకు అని ఇంకో గడి పెట్టాలి. రాయితీ ఎన్నేళ్లో, స్థానికుల్లో కనీసం ఒక భాగానికి ఆ నియామకం అన్నేళ్లు ఉండాలి. అడవి నుంచి గాని, రైతు పొలం నుంచి గాని కర్ర తెస్తే ధర ఒప్పందం కూడా అన్నేళ్లకు రాయాలి. జామాయిల్ వేసిన రైతు నాలుగైదేళ్లు ఆగాలి గదా, ఆ నాలుగైదేళ్ల తరవాత కొంటామన్న మాట అతనికి ఇప్పుడే కావాలి. ఇవి గొంతెమ్మ కోరికలేం కావు. కంపెనీ తన రాయితీకి గడువు రాయించుకుంటోంది. మనం మన భాగానికి రాయించుకోవడం లేదు, అంతే.

గోడ పొంటి నిలబడ్డ పిల్లలతో ఒక మాట. మీలో చాలామంది గ్రూప్స్‌కు, రైల్వేకు, పోలీసు ఉద్యోగాలకు చదువుతున్నారని తెలుసు. సర్కారు ఉద్యోగం మీద మీ తరానికున్న పిచ్చిని పేపర్లలో ఎగతాళి చేస్తుంటారు. నేను చెయ్యను. ఈ జిల్లాలో పదేళ్ల ముందుకు లెక్క వేసుకోనిచ్చే ఉద్యోగాలు అవే మిగిలాయని మీకు అర్థమైంది. కానీ ఆ పోస్టులు వందల్లో, మీరు వేలల్లో. మిగిలినవాళ్ల గడువు సంగతి ఎవరు మాట్లాడాలి? మున్సిపాలిటీ సమావేశాల్లో డ్రైనేజీ గురించి అరుపులు వింటాను. మిల్లు నియామకాల గడువు గురించి ఒక్క తీర్మానం వినలేదు. ఆ తీర్మానం ముసాయిదా నేను రాసి తెచ్చాను, రెండు పేజీలు. కార్యదర్శి గారి దగ్గర ఇరవై ప్రతులు ఉన్నాయి. టీ తాగేటప్పుడు తీసుకోండి. తప్పులుంటే దిద్దండి, సంతకం పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.